మామగారు బండకు ఆఖరి బజ్జీ

ముందే చెబుతున్నాను, నేను చెప్పే ప్రతి కొలతనూ సగానికి తగ్గించుకుని చదవండి. నా చిన్నప్పటి నుంచీ మా బాబాయి చేస్తున్నది అదే.

కొండపల్లి వైపు రైలు కోసం కొండను కోసిన చోట ఆయన పట్టాలు చూసుకునే గ్యాంగుకు మేస్త్రీగా పనిచేశాడు. అక్కడ విజయవాడ భవానీపురం మొత్తానికి నీడనిచ్చేంత బండ ఒకటి పట్టాల మీదికి వాలి ఉంది. ఉలకదు, పలకదు, ఎప్పుడు మీద పడుతుందో తెలియదు. అందుకే గ్యాంగువాళ్లు దానికి ‘మామగారు’ అని పేరు పెట్టారు. పగలగొడదామని పైవాళ్లు అన్నప్పుడల్లా బాబాయి ‘అది కదలదండీ’ అని అడ్డుపడేవాడు. రిటైరైన రోజున దాని బీటకు అడ్డంగా సిమెంటు పట్టీ వేసి వచ్చాడు. బండ కాస్త కదిలినా పట్టీ చిట్లుతుంది. ఈ వారం మామగారిని దించేస్తున్నారని తెలిసి, తన మాట నిలిచిందో లేదో చూడాలని పట్టుబట్టాడు.

ఉదయం ఏడున్నరకు బజ్జీల పొట్లంతో విజయవాడలో ప్యాసింజరెక్కాం. ఎదుటి సీట్లో ఆటోనగర్ మెకానిక్ ఒకాయన లారీ సైలెన్సర్ని చంటిపిల్లాడిలా ఒళ్లో పెట్టుకున్నాడు. దానికీ టికెట్టు తీశారా అంటే, ‘ఒళ్లో కూర్చునేవాళ్లకి అక్కర్లేదండీ’ అన్నాడు.

కొండపల్లిలో ఇప్పటి మేస్త్రీ ఎదురొచ్చి తీసుకెళ్లాడు. కోతలో రాయి పొరలు పొరలుగా పట్టాలవైపు వాలి ఉంది. వాననీరు దిగితే పొరల మధ్య రాయి ఎర్రమట్టిగా మారి సబ్బులా జారుతుందట. అందుకే గట్టుపైన కాలువలో పూడిక తీయాలి, బీటల్లో మొలిచే మొక్కలు పీకాలి. ఇప్పుడు ఇనప వల కూడా కప్పుతున్నారు. తొలివాన రోజున గ్యాంగంతా ఇక్కడే బజ్జీలు తినేవాళ్లమనీ, మొదటిది మామగారికి పెట్టందే ఎవరూ ముట్టేవాళ్లు కాదనీ బాబాయి రాతిని తడుముతూ చెప్పాడు.

ఆయన కళ్లకు శుక్లాలు. మేస్త్రీ ముందెక్కి పైనుంచి తాడు పట్టుకుంటే, ఆయన బదులు నేనే పైకెక్కాను.

‘పట్టీ ఎలా ఉందిరా?’ కిందనుంచి బాబాయి అడిగాడు.

‘కలిసే ఉంది బాబాయ్.’

నా పక్కనున్న మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు. బాబాయి పొట్లం విప్పి మొదటి బజ్జీ బండ అడుగున పెట్టాడు.

పదకొండు గంటల బండికి తిరిగి బయల్దేరాం. రాయనపాడులో బండి ఆగినప్పుడు ఆయన అడిగాడు.

‘కలిసే ఉందన్నావుగా. అందులో సగం తీసేస్తే ఎంత మిగులుతుందిరా?’

‘అది తీసేసే మాట కాదు బాబాయ్.’

‘సరేలే’ అని కిటికీ వైపు తిరిగి, చల్లారిన బజ్జీ ఒకటి నా చేతిలో పెట్టాడు.

బండ నిజానికి బస్సంతే. సైలెన్సర్ స్కూటర్‌ది. అవి పెంచినవి. కల్పించింది మాత్రం ఒక్కటే, నేను పైనుంచి చెప్పిన ఆ మాట. పట్టీ రెండు ముక్కలైంది. మధ్యలో నా బొటనవేలు పట్టింది. ఈ కొలతను మాత్రం సగానికి తగ్గించకండి.