రోజూ ఎండిపోయే ఊరు

పాలయ్య సార్ ఎవరైనా ఎదురుపడితే "బాగుండావా" అని అడగడు. "నీకు ఎవురితో మాటల్లేవు?" అని అడుగుతాడు. అడిగి, జేబులోంచి చిన్న పుస్తకం తీసి, పెన్ను మూత పళ్ల మధ్య పెట్టుకుని జవాబు కోసం నిలబడతాడు. పెళ్లిలో అడుగుతాడు, చావింట్లో అడుగుతాడు. ఒకసారి పులివెందుల బస్టాండులో కదిలిన బస్సు వెంట పరుగెత్తి మరీ కండక్టరును అడిగాడు. "ఇప్పట్నుంచి నీతోనే!" అన్నాడు కండక్టరు. సార్ అదీ రాసుకున్నాడు.

ముప్పై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషికి ఈ పిచ్చి ఏఐ వల్ల పట్టింది. కంప్యూటర్లో మా ఊరిని కట్టాడు. మనిషికొక బొమ్మ, మొత్తం నలభై మూడు. బొమ్మకు పేరు, పని, గుణం, కోపానికి పదికి ఇన్ని మార్కులు. మీట నొక్కితే బొమ్మలు వాటంతట అవే నిద్ర లేస్తాయి, చేలకు పోతాయి, ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. అరగంటలో ఒక ఎండాకాలం గడిచిపోతుంది.

ఉన్న ఊరితోనే చస్తున్నాం, ఇంకో ఊరెందుకని నేను మొత్తుకున్నాను. వెయ్యడుగులు తవ్వినా దుమ్ము తప్ప పైకి రాని ఊరు మాది. నాది ఎరువుల అంగడి. నీళ్లే లేనిచోట ఎరువులెవరు కొంటారు? అందుకే పొద్దున్నుంచి సాయంత్రం దాకా సార్ చెప్పేది వినే తీరిక నాకుంది.

మొదట్లో ఆ బొమ్మలు మరీ మర్యాదగా ఉండేవి. నీళ్ల కరువొచ్చిందంటే నలభై ముగ్గురూ ఒకచోట చేరి, "మీ అభిప్రాయం చాలా విలువైనది" అని ఒకరికొకరు చెప్పుకుని కమిటీ వేసుకునేవారు. ఆ కమిటీకి పేరు పెట్టడానికి ఇంకో కమిటీ. ఈలోగా చెట్లన్నీ ఎండిపోయేవి.

"ఇది మనూరు కాదు సార్. మనూర్లో సగం మందికి సగం మందితో మాటల్లేవు" అన్నాను.

సార్ ముఖం వెలిగిపోయింది. "అదప్పా నేను మర్సిపోయింది!" అని ఆ రోజే పుస్తకం కొన్నాడు. మొట్టమొదట ఇంట్లోనే అడిగాడు. "నాకు నీతోనే మాటల్లేవు, రాసుకో" అంది ఆయన భార్య మేరీ. ఆ మాట మొదటి పేజీలో ఎర్ర ఇంకుతో ఉంది.

ఇదంతా గోవిందమ్మ చీనీ తోటను ఎట్లా బతికించాలో కంప్యూటర్లో ముందే చూసుకోవడం కోసం. మూడు వందల బత్తాయి చెట్లు, పన్నెండేళ్ల కాపు. మాఘంలో ఆమె బోరు చచ్చిపోయింది. ట్యాంకర్లతో నెల రోజులు తడిపింది. ఆ తరువాత ఆమె చేత కాలేదు. అవతలి చేను నయీం బోరులో మాత్రం ఇంకా నీళ్లున్నాయి, రోజుకు రెండు గంటలు ఇస్తానని అతనే అన్నాడు. కాకపోతే మధ్యలో నా చేను ఉంది, పైపు అందులోంచే పోవాలి. నాకు గోవిందమ్మతో మాటల్లేవు. తొమ్మిదేళ్ల కిందట కూతురు పెళ్లికి నన్ను ఇంటికొచ్చి పిలవకుండా పాలు పోసేవాడితో కార్డు పంపింది. కార్డు మీద నా పేరు కూడా లేదు, 'ఎరువుల అంగడి' అని ఉంది. ఆమె వచ్చి అడగలేదు, నేను పోయి ఇవ్వలేదు. అంతకంటే నేను చేసిన తప్పేమీ లేదని నా నమ్మకం.

సార్ రోజూ పొద్దున్నే వచ్చి నా అంగడి బెంచీ మీద కూలబడేవాడు.

"ఈ పొద్దు ఊరెట్లుండాది సార్?"

"ఎండిపాయెనప్పా."

"ఏమాయె?"

"నయీం మోటరు కాలిపాయె."

మరుసటి రోజు గోవిందమ్మే వద్దందట. ఇంకో రోజు పైపుల లారీ గండి దగ్గర ఆగిపోయిందట. ఒకరోజు ఏమీ తోచక, "నా లెక్కే తప్పిందిలేప్పా" అన్నాడు. రోజూ ఊరు ఎండిపోయేది, రోజూ సార్ ఇంకొంచెం చిక్కిపోయేవాడు. బయట నిజం చెట్లు ఆకులు రాలుస్తున్నాయి. అంగడికి వచ్చినవాళ్లు, "ఏం సార్, మనం ఇంకా బతికే ఉండామా?" అని నవ్వేవాళ్లు. నేనే అందరికంటే గట్టిగా నవ్వేవాణ్ని.

పోయిన నెల ఒక మధ్యాహ్నం సార్ తన కంప్యూటరు నా అంగడిలో చార్జింగు పెట్టి, మందులకని పులివెందుల పోయాడు. మూత తెరిచే ఉంది. ఒకరి కంప్యూటరు చూడటం తప్పే. అయితే తెర మీద నా పేరుంది.

'యాభై ఎనిమిదోసారి. తోట ఎండిపోయింది. కారణం: ఆదినారాయణ పైపు వేయనివ్వలేదు.

అరవై రెండోసారి. ముందు కాఫీ ఇచ్చి అడిగించాను. కాఫీ తాగి కాదన్నాడు.

డెబ్బయ్యోసారి. ఆదినారాయణ కోపం పది నుంచి ఏడుకు తగ్గించాను. తోట ఎండిపోయింది.'

పైకీ కిందికీ జరిపి చూశాను. తొంభై ఒక్కసార్లు. మోటరు ఒక్కసారి కూడా కాలలేదు. లారీ ఎక్కడా ఆగలేదు. ప్రతిసారీ ఆ చెట్లను చంపింది నేనే. నవ్విన జనంలో ఒక్కరికీ ఆ ముక్క చెప్పకుండా, నాక్కూడా చెప్పకుండా, నెపం మోటరు మీదా లారీ మీదా తన మీదా వేసుకుంటూ వచ్చాడు.

నాకు ముందు కోపమే వచ్చింది, పదికి పది వేస్తాడా అని. తర్వాత చివరి వరుస చదివాను.

'తొంభై ఒకటోసారి. అదే కారణం. కంప్యూటరు తప్పు చెబుతోంది. ఆదినారాయణ ఇలా చేసే మనిషి కాదు. ఎక్కడో సరిగ్గా రాయలేదు. రేపు మళ్లీ చూడాలి.'

సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. ఎవరైనా చూస్తున్నారేమోనని యూరియా బస్తాల వైపు తిరిగి కూర్చున్నాను. ఆ తర్వాత షట్టరు దించి నయీం ఇంటికి పోయాను.

"పైపులు యాడుండాయిరా?"

"ఎందుకు మామా?" అనుమానంగా చూశాడు నయీం.

"నా నెత్తిన పెట్టుకునేకి! తియ్యి."

మూడో రోజుకి నా చేను మధ్యలోంచి పైపు పడింది. అప్పటికే నూటికి పైగా చెట్లు పోయాయి. వాటినిక ఏ నీళ్లూ లేపలేవు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సహించదు. గోవిందమ్మ వచ్చి నా వైపు చూడకుండా పైపును చూసింది. నేను ఆమె వైపు చూడకుండా చెట్టును చూశాను.

"తాగేకి మజ్జిగ తెచ్చినా" అంది. ఎవరితో అందో తెలియలేదు. నయీం తను తాగకుండా చెంబు నా చేతిలో పెట్టాడు.

సార్‌కు కబురు పంపితే రొప్పుతూ వచ్చాడు. నీళ్లలో చెయ్యి పెట్టి చూశాడు, నమ్మకం కుదరక చెప్పు విడిచి కాలు పెట్టాడు.

నేనే గొంతు సవరించుకుని అన్నాను. "సార్, ఇంకనన్నా మీ కంప్యూటర్లో ఆ ఆదినారాయణను కొంచెం మార్చండి. శానా చెడ్డోడుగా ఉండాడు."

సార్ నా ముఖంలోకి చూశాడు. నేను చదివానని అప్పుడే తెలిసిపోయింది ఆయనకు.

"మార్చేదేం లేదప్పా, తీసేస్తా" అన్నాడు. "అసలు మనిషి ఈడుండంగా, వాడితో నాకేం పని?"