లోపం లేని ఇంజను

అందరూ అతన్ని చెవుల మేస్త్రి అనేవారు. లారీల షెడ్డులో తనంతట తానే పని నేర్చుకున్నవాడు. స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకూ, పిడి చెవికీ ఆనించి జబ్బెక్కడుందో చెప్పేసేవాడు. యుద్ధం వచ్చాక బాంబర్ విమానాల మైదానంలో పనికి వేశారు. ఒక విమానం పూర్తిగా అతని చేతికే అప్పజెప్పారు. అందులో ఎగిరే ఏడుగురూ అతన్ని వరసకట్టి బావా అని పిలిచేవారు.

ఆ వారం రెండోసారి ఆ విమానం సగం దారిలోంచి వెనక్కొచ్చింది. "మూడో ఇంజను కొట్టుకుంటోంది" అని పైలట్ ఆ విమానం మరమ్మతుల పుస్తకంలో రాశాడు. పొద్దున్నే మేస్త్రి ప్లగ్గులన్నీ ఊడదీశాడు. ఒక్కదానికీ మసి లేదు. నూనె జల్లెడలో ఇనుప రజను లేదు. మళ్లీ బిగించి, నడిపించి, కళ్లు మూసుకుని విన్నాడు. ఇంజను నిక్షేపంలా ఉంది.

కొట్టుకున్నది పైలట్ కుర్రాడి గుండె అని అర్థమైంది. వాడికి పాతికేళ్లు కూడా లేవు. 'అడిగితే ఏదో ఒక వంక రాసేద్దాం, రెండ్రోజులు ఊపిరి పీల్చుకుంటాడు' అనుకున్నాడు.

మధ్యాహ్నం ఆఫీసరు పిలిచి ఒక కాగితం చూపించాడు. మేస్త్రి అజాగ్రత్త వల్లే ఇంజను చెడిందని ఉంది. కింద ఏడు సంతకాలు.

"ఒప్పుకుంటే నిన్ను స్టోర్లో చీపుర్లు లెక్కపెట్టే పనికి పంపి వదిలేస్తా. ఇంజను బాగుందంటే పైలట్ మీద విచారణ. సాయంత్రంలోగా రాసివ్వు."

షెడ్డుకొచ్చేసరికి తోక దగ్గర కూర్చునే తుపాకీవాడు కాచుకుని ఉన్నాడు.

"పొరపాటైందని రాసెయ్యి బావా. నీకేం, నీడపట్టున ఉంటావు."

"నాతో ఒక్క మాట అనలేదేం?"

"ఒప్పుకోవనుకున్నాం."

"అడిగి చూశారా?"

వాడు నేల చూపులు చూశాడు. "వెనక్కి తిప్పుతున్నానని పైలట్ అన్నప్పుడు మాలో ఒక్కడూ వద్దనలేదు బావా. లోపల అందరం హమ్మయ్య అనుకున్నాం."

"ఆ ముక్క కాగితంలో రాశారా?"

"అదెలా రాస్తాం?"

"నా పేరు మాత్రం రాయడానికి చెయ్యాడింది."

మేస్త్రి గుడ్డతో వేళ్లు తుడుచుకుని పుస్తకం తెరిచాడు. 'మూడో ఇంజను చూశాను. ఏ లోపమూ లేదు' అని రాసి సంతకం పెట్టాడు.

"వాడు చిన్నవాడు బావా."

"తెలుసు. మధ్యాహ్నం దాకా నేనూ అదే అనుకున్నా," అని పుస్తకం చంకలో పెట్టుకుని ఆఫీసు వైపు నడిచాడు.