మెహ్జబీన్ చూసిన కుంట హద్దు

కుంటల పనిలోకి రాకముందు మెహ్జబీన్‌ది మందుల పని. శామీర్‌పేటలో రైతుల ఇంట పుట్టింది, మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చేసింది, జీడిమెట్లలో ఒక మందుల ఫ్యాక్టరీలో చేరింది. తెల్లకోటు వేసుకుని కిటికీల్లేని గదిలో కూర్చుని, గాజు పళ్లేల్లో క్రిములేమైనా పెరిగాయా అని చూడాలి. ఏమీ పెరగకపోతే ఆ రోజు పని బాగా జరిగినట్టు. కొన్నేళ్లకు ఆ గది మొహం మొత్తి, 2009లో మానేసింది.

ఆ ఏడాదే యజ్ఞనారాయణగారు కౌకూర్‌లో తన ఇంటి కింది వాటాలో ఆఫీసు తెరిచారు. భీమవరం వైపు మనిషి, మత్స్యశాఖలో చేసి రిటైరయ్యారు. చెరువుల పక్కన ఏదైనా కట్టదలచినవాళ్లకు నీటి హద్దు ఎందాకా ఉందో, అందులో ఏమేం బతుకుతున్నాయో చూసి చెప్పడం ఆ ఆఫీసు పని. ఆయనకు చేపలు తెలుసు. కాలేజీలో జువాలజీ చెప్పి చెప్పి విసిగి వచ్చిన లలితకుమారికి పక్షులు తెలుసు. మట్టి, నీళ్లు చూసే మనిషి కావాలి.

"ఫ్యాక్టరీలో క్రిముల్ని చంపినదానివి, ఇక్కడేం చేస్తావమ్మా?" అని అడిగారాయన.

"చంపలేదు సార్. చచ్చినయా లేదా చూసిన. ఈడ బతికినయా లేదా చూస్త."

ఆయన నవ్వి, మర్నాటి నుంచే రమ్మన్నారు. మొదట్లో ఆమెకు తుంగకీ గడ్డికీ తేడా తెలిసేది కాదు. లలితకుమారి వెంట మోకాలిలోతు బురదలో తిరుగుతూ నేర్చుకుంది. మట్టి మాత్రం దానంతటదే పట్టుబడింది. చేతిలోకి తీసుకుంటే ఆ నేల ఎంతకాలం నీటికింద ఉందో ఉజ్జాయింపుగా చెప్పగలిగేది.

2012 ఎండాకాలంలో ఒక కంపెనీ శామీర్‌పేట దగ్గర ఇళ్లు కట్టడానికి భూమి చూసుకుని వీళ్ల దగ్గరికొచ్చింది. పటం చూడగానే మెహ్జబీన్ ఆ భూమిని గుర్తుపట్టింది. అందులో సగం వాళ్ల బడే అబ్బా, అంటే నాయిన అన్న సిరాజుద్దీన్‌ది.

"సార్, అది మా పెదనాయిన భూమి. నన్ను పంపకండి."

యజ్ఞనారాయణగారు పటం ఆమె చేతికే ఇచ్చారు. "నువ్వూ చూడు, లలితా విడిగా చూస్తుంది. ఇద్దరి హద్దూ కలిస్తేనే నేను సంతకం పెడతాను."

వెళ్లేసరికి పొలం నెర్రెలిచ్చి ఉంది. సిరాజుద్దీన్ గట్టుమీదే నిలబడి ఉన్నాడు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే మనిషి, పొలంలో మాత్రం తెలుగే మాట్లాడతాడు.

"ఏడున్నయమ్మా నీళ్లు? ఇది పట్టా భూమి. కుంట అంటరేంది?"

ఆమె గడ్డపార తీసుకుని తవ్వింది. మూరెడు లోతున మట్టి బూడిదరంగుకు తిరిగింది. అందులో తుప్పు రంగు చారలు, నత్తగుల్లలు, ఇంకా పచ్చిగా ఉన్న తుంగగడ్డలు. ఏటా నెలల తరబడి నీళ్లు నిలిస్తే తప్ప మట్టి అట్లా కాదు.

"బడే అబ్బా, వానకాలం ఈడ ఏం పెడతవ్?"

ఆయన చూపు పక్కకు తిప్పుకున్నాడు. "యాసంగిల జొన్న."

"వానకాలం?"

"ఏం పెట్టం." గొంతు తగ్గించాడు. "ఇంకొకామె వస్తదంట గదా. ఆమెనే రాయనియ్. నువ్వు రాయకు బేటా."

ఆ మాట దారి పొడుగునా ఆమెను వదల్లేదు. తప్పుకుంటే ఎవరూ తప్పుపట్టరు. ఆఫీసుకొచ్చి, ఆయన భూమిలో పల్లంగా ఉన్న కింది పొలమంతా కుంట కడుపే, నీళ్లు నిలిచే చోటే అని రాసి, తన పేరు పెట్టింది. మూడ్రోజుల తర్వాత లలితకుమారి చూసిన హద్దు కూడా ఇంచుమించు అక్కడే పడింది.

కంపెనీ ఆ భూమిని వదిలేసింది. సిరాజుద్దీన్ తమ్ముడింటికి రావడం మానేశాడు. రంజాన్‌కు పంపిన సేమియా గిన్నె మూత తీయకుండానే తిరిగొచ్చింది. "నువ్వు జేసిన పని తప్పని నేననను," అన్నాడు మెహ్జబీన్ నాయిన, "కానీ ఆయన నా అన్న."

మరుసటేడు సిరాజుద్దీన్ నీళ్లు రాని మెరక పొలం మాత్రం వేరేవాళ్లకు అమ్ముకున్నాడు. కింది పొలం ఆయన దగ్గరే ఉంది.

2014 మే నెలలో చుట్టాల పిల్ల ఆఫ్షీన్ పెళ్లి మేడ్చల్‌లో జరిగింది. రెండేళ్లుగా ఆమెతో మాట్లాడని సిరాజుద్దీన్ భోజనాల దగ్గర మెహ్జబీన్ ముందు ఆగాడు.

"ఇగ ఏడ తవ్వుతున్నవ్?"

"కీసర దిక్కు."

"ఎండలు మస్తున్నయ్. జర పైలం," అని, ఆయన తన వాళ్లున్న వరుసలోకి వెళ్లి కూర్చున్నాడు.