గోడవారన రెండో పాదం

నా చిన్నప్పుడు నాకు నోరెక్కువ. ఉన్నదున్నట్టు అనేసి వీపు వాయించుకున్న రోజులు లెక్కలేనన్ని. ఆ నోరు ఒకే ఒక్క రోజు దానంతటది మూతపడింది.

పలమనేరు పక్కన పల్లె మాది. నాకు తొమ్మిదేళ్ళప్పుడు, నాలుగేళ్ళ మా తమ్ముడు జ్వరంతో పోయాడు. పొద్దున పూడ్చిపెట్టి వచ్చారు. పసిబిడ్డలకు కర్మలుండవని పెద్దలు తేల్చేశారు. మధ్యాహ్నానికి ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు.

అమ్మకు అదే మింగుడుపడలేదు. "ముసిలోళ్ళు పోతే పదకొండు దినాలు చేస్తారే, నా బిడ్డకి ఒక్క దినమన్నా లేదా? వాడు యాడికి పోయినాడో చెప్పేవోళ్ళే లేరా?" అని కనబడినవాళ్ళనల్లా అడిగింది. తర్వాత అడగడం మానేసింది. అన్నం మానేసింది. మూడో రోజు నీళ్ళు కూడా ముట్టలేదు. నాయన బతిమాలి బతిమాలి అలిసిపోయాడు. చర్చికి వెళ్ళే పక్కింటి అక్క వచ్చి, బిడ్డ దేవుడి ఒడిలో ఉన్నాడని చెప్పి తనూ ఏడ్చింది. అమ్మ వింది, అంతే. ఇంకో రెండు రోజులు ఇలాగే గడిస్తే మా ఇంట్లోంచి ఇంకొకరు పోతారని అందరికీ తెలుసు.

మా వైపు పెద్దవాళ్ళు పోయినప్పుడు, ప్రాణం పోయిన గదిలో బియ్యప్పిండి జల్లించి తలుపు మూసేవాళ్ళు. తీసి చూస్తే, పోయినవాళ్ళు వచ్చివెళ్ళిన గుర్తు పిండిలో కనబడుతుందని నమ్మకం. ఆ మూడో రోజు మధ్యాహ్నం మా అవ్వ, అంటే నాయన తల్లి, ఎవరినీ అడక్కుండా జల్లెడ తీసింది. తమ్ముడు పడుకున్న గది నేలంతా పిండి పరిచి, తలుపు మూసి, మమ్మల్ని వాకిట్లో కూర్చోబెట్టింది. పసిబిడ్డకు ఇదేమిటని నాయన గొణిగితే ఒక్క చూపు చూసింది.

ఆ రోజు ఎండ లేదు. పొద్దున దిగిన మంచు మధ్యాహ్నమైనా వీధి వదల్లేదు. దూడలు కూడా అరవలేదు. మూసిన తలుపు వైపు చూస్తూ కూర్చుంటే, లోపలి నుంచి కూడా ఎవరో మా వైపు చూస్తున్నట్టు అనిపించి నేను నాయన పంచె పట్టుకున్నాను. మధ్యలో అవ్వ ఒకసారి పెరట్లోకి వెళ్ళి వచ్చింది. ఆ గదికి పెరటివైపు కూడా తలుపుంది.

దీపాల వేళకు తలుపు తీశారు. పెరటి గడప దగ్గర చిన్న పాదం ఉంది. చూడగానే నాకు తెలిసిపోయింది. ఏటా గోకులాష్టమికి కృష్ణుడి పాదాలు వేసేది అవ్వే. పిడికిలి అద్ది, పైన అయిదు వేళ్ళతో అయిదు చుక్కలు పెట్టేది. ఆమె బొటనవేలు వంకర కాబట్టి మొదటి చుక్క ఎప్పుడూ పక్కకు జరిగి పడేది. ఇక్కడా అలాగే పడింది. ఇంత మోసమా అని ఒళ్ళు మండి నోరు తెరవబోయాను.

అమ్మ ఆ పాదాన్ని చూడనే లేదు. తిన్నగా గోడవారకు వెళ్ళింది. తమ్ముడు చింతపిక్కలు దాచుకునే మూల అది. అక్కడ ఇంకో పాదం ఉంది. మడమ, అరికాలి గుంట, అయిదు వేళ్ళు, అన్నీ ఉన్నాయి. చుట్టూ పిండి చెదరలేదు.

"వచ్చినాడు," అంది అమ్మ మెల్లగా. "ఒంటికాలి మీద ఎగురుకుంటా వచ్చినాడు. ఎప్పుడూ అంతే గదా వాడు." ఆ పాదం పక్కనే కూర్చుని, అవ్వ వైపు తిరిగింది. "అత్తా, ఇంత సంగటి పెట్టు."

నాయన బయటికెళ్ళి గట్టిగా ఏడ్చాడు.

మర్నాడు పెరట్లో అవ్వ జల్లెడ కడుగుతుంటే పట్టుకున్నాను. "రెండూ నువ్వే పెట్టినావు గదా అవ్వా? నీ వంకర యేలు నేను సూసినాను."

అవ్వ చేతులు నీళ్ళలోనే ఆగిపోయాయి. గది వైపు ఒకసారి చూసింది. "నేను గడప కాడ ఒకటే పెట్టినాను పాపా. అమ్మకి చెప్పబాక."

నేను జల్లెడ అందుకుని, తుడిచి లోపల పెట్టాను.

గడప దగ్గర వంగితే ఆ మూల చేతికి అందుతుందా, అందదా? ఎన్నిసార్లు తలుచుకున్నా తేలలేదు. అమ్మకు పాదం ఇచ్చినట్టే, అవ్వ నాకు 'ఒకటే' అన్న మాట ఇచ్చిందేమో. అడుగుదామంటే ఆమె లేదు. స్వర్గమనీ, మళ్ళీ పుట్టుకనీ చాలా విన్నాను. ఏ మతమైనా చావు దగ్గరే ఎందుకు అంతసేపు నిలబడుతుందని చదువుకున్నవాళ్ళు వాదించుకుంటుంటే నాకు ఆ పిండే గుర్తొస్తుంది. పోయినవాళ్ళ సంగతి నాకు తెలియదు. ఉన్నవాళ్ళు ఒక ముద్ద తినాలి కదా.

ఇప్పుడు తిరుపతిలో మా ఇంట్లో గోకులాష్టమికి నేనే పాదాలు వేస్తాను. నా బొటనవేలూ అవ్వకు లాగే వంకరపోయింది. వేయడం అయ్యాక గోడవారకు కూడా ఒకసారి చూస్తాను. ఎన్ని వేశానో మాత్రం ఎప్పుడూ లెక్కపెట్టుకోను.