శాంతి తెడ్డు

అమరావతి దగ్గర కృష్ణలో, బోర్డు మీద నిలబడి తెడ్డు వేయడం నేర్పే చోట శాంతి ఊడ్చే పనిలో చేరి రెండేళ్ళయింది. అంతకుముందు పాతికేళ్ళు మిరప కల్లాల్లోనే గడిచాయి. నోరు పెద్దదని ఊళ్ళో ఆమెకు పేరు. పని అంతకన్నా పెద్దదని మాత్రం ఒక్కరూ అనలేదు.

ఆడవాళ్ళకు నేర్పడానికి మనిషి కావాలని గోడకు కాగితం అంటించారు. బోర్డు మీద నిలబడే, నదిలో తేలే ఎర్ర డబ్బా దాకా వెళ్ళి తిరిగి రావడమే పరీక్ష. శాంతి పేరిచ్చింది. మేనేజరు వెంకటనారాయణ నవ్వు దాచుకోలేదు.

"నీకెందుకమ్మా ఇవన్నీ? చీపురు చూసుకోక!"

"చీపురు పట్టుకునే రెండేళ్ళు చూశానండి. మీరు ఫోను చూసుకుంటుంటే నేను తెడ్డు చూశాను."

నిజానికి చూడటమే కాదు. కోచ్ ఫిలిప్‌ని బతిమాలి నెలరోజులు పొద్దున్నే సాధన చేసింది. అతను చెప్పేదంతా ఆమెకు తెలిసిన పనే. ముందుకు వంగి తెడ్డు దూరంగా వేయాలి, నిండా ముంచాలి, పాదం దగ్గరికి రాగానే పైకి తీసేయాలి. కల్లంలో పొడుగు కర్రకు బిగించిన చెక్కతో కాయల్ని లాగేదీ అలాగే. పాదం దాటితే కాయలు తొక్కుడు పడతాయి. తేడా ఒక్కటే. కల్లంలో లాగుతూ వెనక్కి అడుగేస్తారు. ఇక్కడ కాళ్ళు కదలకూడదు, బోర్డే ముందుకెళ్ళాలి.

పరీక్షరోజు గట్టు మీద జనాన్ని చూసేసరికి పాతికేళ్ళ అలవాటు తిరగబడింది. లాగుతూ వెనక్కి అడుగేసి, దబ్బున నీళ్ళలో పడింది. గట్టంతా ఒకటే నవ్వు. ఆమెకు ఏడుపొచ్చింది, దానికన్నా కోపం ఎక్కువొచ్చింది.

"ఇక చాల్లే, మోకాళ్ళ మీద కూర్చుని వచ్చేయ్!" అని అరిచాడు మేనేజరు.

"మోకాళ్ళు దేవుడి దగ్గరే వేస్తానండి!"

బోర్డెక్కి లేచి నిలబడింది. పాదాలు ఎడంగా పెట్టి, వాటిని తిట్టుకుంటూ కదలనివ్వలేదు. ముందుకు వంగింది, ముంచింది, పాదం దగ్గర తీసేసింది. నాలుగు కుడివైపు, నాలుగు ఎడమవైపు. ఎర్ర డబ్బా చుట్టి తిరిగొచ్చేసరికి గట్టు మీద నవ్వు లేదు.

"ఒకసారి పడ్డావుగా, మరి?" అని నసిగాడు మేనేజరు.

తడి కొంగు పిండుకుంటూ శాంతి, నేర్చుకోవడానికి వచ్చి వరసలో నిలబడ్డ ఆడవాళ్ళ వైపు చూసింది. అందరి మొహాల్లోనూ పడతామన్న భయమే.

"వీళ్ళూ పడతారండి. లేవడం ఎవరు నేర్పుతారు, మీరా? రాయండి నా పేరు."