బళ్లారి ఫైనల్లో రెండు బేస్‌లైన్లు

ఈ సంగతి నేను వ్రాయకపోతే దీనిని గూర్చి రెండే కథలు మిగులుతాయి. రిఫరీ తమ పిల్ల గెలుపును లాగేసుకున్నాడని కంప్లిలో చెప్పుకుంటారు. ఓడిపోవలసిన పిల్లకు రిఫరీ ఇంకొక అవకాశమిచ్చాడని బెంగళూరులో చెప్పుకుంటారు. ఆ రిఫరీని నేనే. రెండు కథలూ తప్పేనని చెప్పగలను గాని, ఒప్పు ఏదో నాకు నేటికీ తేటపడలేదు. కనుక జరిగినదానిని వరుస తప్పకుండా నమోదు చేయడం నా విధి.

నాలుగేళ్ల కిందటి వేసవి. వ్యాయామ విద్యాధ్యాపకుడిగా పదవీ విరమణ చేసిన పిమ్మట నేను టెన్నిస్ పోటీలకు రిఫరీగా వ్యవహరిస్తున్నాను. బళ్లారిలోని ఒక క్లబ్బు క్లే కోర్టు మీద, అనగా మట్టి పరచి రోలరుతో చదును చేసిన కోర్టు మీద, మహిళల ఫైనల్ జరుగుతున్నది. గెలిచినవారికి బెంగళూరులో జరిగే ప్రొఫెషనల్ టోర్నమెంటుకు వైల్డ్ కార్డ్ లభిస్తుంది. ర్యాంకు లేని క్రీడాకారులను నిర్వాహకులు నేరుగా ఆడనిచ్చే అవకాశమది.

ఒక పక్క బెంగళూరు అమ్మాయి. మరొక పక్క కంప్లికి చెందిన లిఖిత, పంతొమ్మిదేళ్లది. ఆమె తండ్రి చలపతిగారిది గోదావరి వైపు నుంచి వచ్చి, కాలువ కింద వరి పండించుకుంటూ స్థిరపడిన కుటుంబం. ఆట మొదలుకాక ముందే ఆయన నా దగ్గరకు వచ్చాడు.

"ఏడేళ్లు తిప్పానండి మాస్టారూ దీన్ని. ఇయ్యాల గెలిస్తే ఆటండి, లేకపోతే జూన్‌లో బీకామండి. అదీ నేనూ అలా ఒప్పందం చేసేసుకున్నామండి."

"ఇటువంటివి రిఫరీతో చెప్పరాదు," అన్నాను.

"చెప్పట్లేదండి, నాలో నేను అనుకుంటున్నానండి," అని పోయి కూర్చున్నాడు.

తొలి రెండు సెట్లను ఇద్దరూ చెరొకటి పంచుకున్నారు. ఆ సరికి గాలి లేచి గీతలు మసకబారాయి. క్లే కోర్టు మీద ఆట నడుమ గీతలను చీపురుతో తుడుస్తారే తప్ప తిరిగి గీయరు. ఆ పద్ధతి నాకు తెలుసు. అయినా ఒక వైపు బేస్‌లైన్, అంటే కోర్టు వెనుక హద్దు, మరీ అస్తవ్యస్తంగా కనబడేసరికి నేను ఓర్వలేకపోయాను. దానిపై మట్టి చల్లి కొత్తగా సున్నం వేయమని కోర్టు పనులు చూసే ఎర్రిస్వామిని ఆదేశించాను.

"ఆట నడుమ సున్నమెందుకు సార్? కసువు కొట్టినట్ల చీపురు కొడితే సాలు. గీత కనిపిస్తానే ఉండాది."

"అస్పష్టమైన గీత మీద ఫైనల్ జరగదు."

"మీ మాట సార్. దారం యాడ కట్టల్ల?"

"మూల మేకులకే."

పాత గీతలు వేసిన తరువాత, ఆ ఉదయం రోలరు తగిలి ఒక మూల మేకు లోపలికి జరిగిందని మా ఇద్దరికీ తెలియదు. టేపుతో కొలిచి చూడడం నా బాధ్యత. నేను కొలవలేదు.

మూడవ సెట్టులో లిఖిత అయిదు–నాలుగు ఆధిక్యంలో సర్వీసు చేస్తూ మ్యాచ్ పాయింట్ దాకా వచ్చింది. ఆ ఒక్క పాయింటు గెలిస్తే ఆట ముగుస్తుంది. ఆమె కొట్టిన ఫోర్‌హ్యాండ్ ప్రత్యర్థి వైపు మూలలో పడింది. ఆ అమ్మాయి వేలెత్తి, ముద్ర చూడమని కన్నడంలో అరిచింది.

"ఔట్ సార్! మార్క్ నోడి!"

క్లే మీద బంతి ముద్ర పడుతుంది. సందేహం వస్తే రిఫరీ తన ఎత్తు కుర్చీ దిగి ఆ ముద్రను చూసి తీర్పు చెప్పాలి. దిగాను. ముద్ర కొత్త గీతకు స్పష్టంగా వెలుపల ఉన్నది. అంతటితో లేచి ఉంటే సరిపోయేది. కాని ఆ ముద్ర అంచున, చెదిరిన మట్టి కింద, మరొక తెల్లని చార కనబడింది. అది కొత్త గీతకు రెండు వేళ్ల ఎడంలో ఉన్న పాత గీత. బంతి దానిని తాకింది. టేపు తెప్పించి నెట్టు నుంచి కొలిచాను. ముప్ఫై తొమ్మిది అడుగుల కొలత పాత గీత దగ్గరకే వచ్చింది.

ఎర్రిస్వామి తల గోక్కున్నాడు. "మేకు జరిగుండాది సార్. నేను దారమైతే కట్టినా గాని, మేకును అడగలేదు."

కనిపించే గీత ప్రకారం బంతి ఔట్. కొలత ప్రకారం లోపలే, ఆట లిఖితదే. అయితే ఆ సెట్టంతా ఇద్దరూ వైపులు మారుతూ ఆ తప్పు గీతనే నమ్మి ఆడారు. ఆడేసిన పాయింట్లను మార్చరాదన్నది నియమం. మరి ఈ పాయింటు ఆడేసినట్లా, కానట్లా? నేనింకా తీర్పు చెప్పలేదు. ముప్ఫై ఏళ్లు నియమావళి బోధించిన నాకు ఆ క్షణంలో ఒక్క వాక్యమూ ఆసరా కాలేదు. చివరకు "లెట్" అన్నాను. ఆ పాయింటును మళ్లీ ఆడాలని దాని అర్థం.

"ఔట్ అంద్రె ఔట్ అల్వా సార్?" అని, ఔటంటే ఔటే కదా అన్నట్లు బెంగళూరు అమ్మాయి విసుక్కున్నది.

లిఖిత నెట్టు దగ్గరకు వచ్చింది. "ఏంది సార్ లెట్? లోపల పడితే నాది, బయట పడితే ఆయమ్మది. నడుమ పడితే ఎవరిది సార్?"

"గీత తప్పుగా పడింది. ఆ తప్పు నాది."

"మీదైతే ఆ పాయింటు మీరే ఆడండి సార్."

ప్రేక్షకులు నవ్వారు. ఆమెకు నియమానుసారం హెచ్చరిక ఇవ్వవలసింది. ఇవ్వలేదు. అదీ నా లోపాల్లో చేర్చుకోవాలి.

మళ్లీ ఆడిన పాయింటులో లిఖిత బంతిని నెట్టుకు కొట్టింది. ఆ గేమునూ, ఆ తరువాత ఏడు–అయిదుతో సెట్టునూ పోగొట్టుకున్నది. చలపతిగారు నాతో తగవు పడలేదు. "ఒప్పందం ఒప్పందమేనండి," అని మాత్రం అన్నాడు. జూన్‌లో ఆమె బీకాంలో చేరింది. మళ్లీ ఏ టోర్నమెంటులోనూ ఆడలేదు.

నిరుడు కంప్లి బస్టాండులో స్కూటీ ఆపి ఆమే నన్ను పలకరించింది. క్షమాపణ చెప్పబోయాను. వారించింది.

"ఔట్ అనింటే ఒక దినం ఏడ్చి మర్చిపోతాంటి సార్. ఇన్ అనింటే ఎట్లైనా సంతోషమే. మీరు లెట్ అనిరి. నేనింకా ఆ పాయింటు ఆడతానే ఉండా."

ఆట మొదలైన తరువాత దిద్దే క్రమం క్రమం కాదని ఈ ఉదంతం నాకు నేర్పింది. అంతకు మించి నేర్చుకున్నానని చెప్పలేను. కొలిచిన గీత గొప్పదా, ఇద్దరూ నమ్మిన గీత గొప్పదా అన్న చోట నా బుద్ధి ఇప్పటికీ ఆగిపోతున్నది.

నియమావళి నాకంటె బాగుగా ఎరిగిన పాఠకులు ఇందులోని నా పొరపాట్లను నిర్మొహమాటంగా దిద్దగలరని ప్రార్థన. ఆ పాయింటు లిఖితదేనని మీకు తోస్తే, నా వయసు చూసి దాచవద్దు. కంప్లికి వెళ్లి ఆ మాట ఆమెతో నేనే చెబుతాను.