ఆపద సైరన్ మోగితే పొయ్యి ఆర్పేటోళ్లం

మీ ఫోన్ టింగుమంటే మీరు చూడరు. అబద్ధమాడకుండ్రి. పిలిచింది మనిషా, చీరల దుకాణమా అన్న తేడా మీ చెవులకు ఎన్నడో పోయింది... పోతే పోయిందని ఊకున్నరు గూడ.

మా చిన్నప్పుడు... కర్దనూర్‌ల మా ఇంట్ల గడియారం ఉండె గనీ, దాన్ని ఎవ్వరు చూడకపోయేది. పటాన్‌చెరు దిక్కు నుంచి కంపెనీ సైరన్ వినవడేది. పొద్దుగాల సైరన్‌కు అమ్మ ఎసరు పెట్టేది. మాపటి సైరన్‌కు నాయనమ్మ వాకిట్ల నీళ్ల బకెట్ పెట్టేది, నాయన ఆ కంపెనీల పని దిగి వచ్చి కాళ్లు కడుక్కునేటందుకు. మా బర్రె గూడ ఆ సప్పుడుకే ఇంటి దిక్కు మర్లుతదని నాయనమ్మ చెప్పేది... నిజమో కాదో, మేమైతే నమ్మినం.

షిఫ్టు సైరన్ పొడుగ్గ, ఒక్క తీరుగ కూసేది. ఇంకొకటుండె... తెగి తెగి కూసేది. అది ఆపద సైరన్.

అది మోగితే ఊర్ల ఒక రివాజు. ఏ ఇంటి పొయ్యి ఆ ఇంటోళ్లు ఆర్పాలె. అక్కడ మంట లేస్తే ఇక్కడ మంట ఉండొద్దనేది నాయనమ్మ. ఆర్పి ఆడోళ్లంత తొవ్వ మీదికొచ్చేటోళ్లు. మొగడు ఇంట్లనే ఉన్నామె సుత వచ్చి, మొగడు డ్యూటీల ఉన్నామె పక్కన నిలబడేది.

ఒకనాడు పగటిపూట, నాయన బాయిలర్ కాడ ఉన్నప్పుడు మోగింది. అమ్మ ఉడుకుతున్న అన్నం దించి పొయ్యిల నీళ్లు పోసింది. ఇల్లంత పొగ. నేను అమ్మ కొంగు పట్టుకొని తొవ్వ మీద నిలబడ్డ. పక్కింటి మల్లమ్మ వచ్చి అమ్మ చెయ్యి పట్టుకున్నది, అంతే. శానా సేపటికి మలుపు కాడ సైకిళ్లు కనవడ్డయి... నాయన, తలకు తువ్వాల, మొఖం నిండ మసి.

నాయనమ్మ కొడుకును కింద మీద చూసింది. అమ్మ దిక్కు తిరిగి అన్నది, "పొయ్యి ముట్టియ్యి."

ఆ కంపెనీలను పొగుడుతున్ననని అనుకోకుండ్రి. వాటి పొగ పీల్చిన, వాటి నీళ్లకు పాడైన వాగును చూసిన, వాటి గేట్ల ముంగట జెండా పట్టుకొని కూసున్న. కనీ ఆ సైరన్ పెట్టినోడు ఒక్క పని సక్కగ చేసిండు. ఏ కబురుకు ఏ సప్పుడో ముందే ఆలోచించిండు. రోజూ వినే సప్పుడు మాకు ధైర్యం, తెగిన సప్పుడు భయం. రెండూ ఎన్నడు కలువలే.

ఇగ మొన్నటి సంగతి. మా చెల్లె పద్మ బీరంగూడల ఉంటది. ఆమె మొగడు నర్సింలు మందుల కంపెనీల ఆపరేటర్. వేడి ఆవిరి తగిలి కుడి చెయ్యి మోచేతి దాక కాలింది. ఆఫీసోళ్లు కార్మికుల కుటుంబాల గ్రూపుల ఒక మెసేజ్ పెట్టి, పని అయిపోయిందనుకున్నరు. మీద గుడ్ మార్నింగ్ పూలు, కింద ఎవరిదో పుట్టినరోజు కేకు... నడుమ మా నర్సింలు చెయ్యి.

పద్మ ఆ గ్రూపు సప్పుడు ఎప్పుడో బంద్ పెట్టుకున్నది. పొద్దంత టింగుటింగుమంటే ఏం చేస్తది? మాపటికి చూసి దవాఖానకు ఉరికేసరికి, తోటి పనాయన, బీహారాయన, నర్సింలుకు చెంచతోని నీళ్లు తాపుతుండె. నర్సింలు తిట్టలే, కోపం చేయలే.

"పనిల ఉన్నవా?" అని అడిగిండు.

ఆ మాట ఆమెను ఇంకా నిద్ర పోనిస్తలేదు. "నాదే తప్పన్నా. సప్పుడు నేనే బంద్ పెట్టిన" అంటది.

నేను ఒప్పుకోను. బంద్ పెట్టుకునే తీరుగనే ఆ ఫోన్‌ను చేసిన్రు. చీరల ఆఫర్‌కు అదే టింగు, మొగని చెయ్యి కాలినా అదే టింగు. ప్రతిదానికి ఉలిక్కిపడి చూడాలె, అది వాళ్ల యాపారం. అన్నిటికీ ఉలిక్కిపడే మనిషి ఆఖరికి దేనికీ ఉలిక్కిపడడు. ఇది ఎవడో కూసొని గీసిన డిజైనే... గీసినోడు మార్చగలడు గూడ.

ఇప్పుడు మా ఊర్ల సైరన్ వినవడది. వినవడ్డా, పొయ్యి ఆర్పి తొవ్వ మీదికొచ్చేదెవరు? మీ దిక్కు ఏ సప్పుడుకు ఏ పని ఆగేదో కింద రాయుండ్రి. అంతకంటె ముందు, అడిగేటివి ఇవి:

ప్రమాదమైతే కంపెనీ మనిషి నోటితోని ఫోన్ చెయ్యాలె. ఎత్తకపోతే ఇంటికి మనిషిని పంపాలె.

ఆపద కబురుకు వేరే సప్పుడు ఉండాలె. దాన్ని ఏ దుకాణానికీ అమ్మొద్దు.

ఆఫర్లకు సప్పుడే వద్దు. కావాలంటే మేమే పోయి చూసుకుంటం.

కుటుంబాల గ్రూపుల పూలు, కేకులు పెట్టుడు బంద్ చెయ్యాలె. ఇది కంపెనీకి కాదు, మీకు, నాకు.

ఆ ఆఫీసోళ్లు ఒక్కసారి బీరంగూడకు పోయి, పద్మ ముంగట కూసొని, తప్పు నీది కాదమ్మా అని చెప్పాలె.